చివరి గడి గండం

రేపల్లె పక్కన ఒక రైస్‌మిల్లు కార్యాలయం అనుకుందాం. కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. బయట ట్రాక్టర్లు బారులు తీరాయి. ఒక రైతు తెచ్చిన ధాన్యానికి గుమస్తా కంప్యూటర్‌లో 40 బస్తాలని కొట్టి కింది వరుసలోకి వెళ్లాడు. ఇంతలో కాటా దగ్గర నుంచి కేక వినిపించింది. ‘నలభై కాదయ్యా, నలభై ఎనిమిది!’ గుమస్తా మళ్లీ ఆ గడిలోకి వచ్చి 48 అని దిద్దాడు. తెర మీద 48 స్పష్టంగా కనిపిస్తోంది. గుమస్తా చూశాడు, రైతూ చూశాడు. మౌస్‌తో పైనున్న ‘సేవ్’ బొమ్మ నొక్కాడు. తర్వాత ‘ప్రింట్’ నొక్కాడు. చేతికొచ్చిన కాగితంలో మాత్రం 40 బస్తాలే!

బస్తాకు 75 కిలోల చొప్పున 40 బస్తాలంటే 30 క్వింటాళ్లు. 48 అయితే 36 క్వింటాళ్లు. 2025-26 ఖరీఫ్‌కి ఏ గ్రేడు ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన రైతుకు రావాల్సింది 86,004 రూపాయలు. కాగితం ప్రకారం వచ్చేది 71,670. తేడా 14,334 రూపాయలు. అంటే ఒక ఇంట్లో పిల్లల ఫీజు, ఎరువుల బాకీ అన్నీ అందులోనే పోయాయన్నమాట.

ఇందులో మోసం ఎవరిది? ఎవరిదీ కాదు. గుమస్తా సరిగ్గానే కొట్టాడు. కంప్యూటర్ కూడా తనకు చెప్పినట్టే చేసింది. చిక్కంతా ఒక్కచోటే ఉంది. తెర మీద కనిపించే అంకె, పద్దులోకి చేరిన అంకె ఒకటి కావు!

తెర వేరు, పద్దు వేరు

పాతకాలం తెనాలి బజారులో లెక్కలు ఎలా రాసేవారో పెద్దవాళ్లనడిగితే చెబుతారు. బేరం జరుగుతుండగా గుమస్తా ముందు చిత్తు కాగితం మీద గబగబా వేసుకునేవాడు. బేరం కుదిరాక దాన్ని చిట్టాలోకి ఎక్కించేవాడు. దుకాణం కట్టే ముందు చిట్టా చూసి, ఆవర్జాలో ఎవరి ఖాతాలో వారి పద్దు వేసేవాడు. చిత్తు, చిట్టా, ఆవర్జా. ఈ మూడు మెట్లూ దాటితేనే లెక్క లెక్కే. చిత్తులో ఉండి చిట్టాకెక్కనిది ఆవర్జాలో వెతికితే ఎలా దొరుకుతుంది?

కంప్యూటర్‌లోనూ సరిగ్గా ఇవే మూడు మెట్లు. అడ్డగీతలు, నిలువుగీతలతో గడులు గడులుగా కనిపించే పట్టీని ‘గ్రిడ్’ అంటారు. బిల్లింగ్, స్టాకు, మార్కులు, జీతాలు... ఆఫీసు ప్రోగ్రాం ఏదైనా ఈ గ్రిడ్ ఉండి తీరుతుంది. దీన్ని వెనకాల ఉన్న సమాచారంతో ముడివేస్తారు. అలా ముడివేసినప్పుడు మనం గడిలో కొట్టే అంకె ముందు ఒక తాత్కాలికమైన పెట్టెలో ఉంటుంది. అది చిత్తు. ఆ గడి వదిలి పక్క గడిలోకి వెళితే కంప్యూటర్ జ్ఞాపకంలో ఉన్న ఆ వరుసలోకి చేరుతుంది. అది చిట్టా. చివరగా ‘సేవ్’ అన్నప్పుడు ఆ వరుస డిస్కు మీదున్న డేటాబేస్‌లోకి వెళుతుంది. అది ఆవర్జా.

మన గుమస్తా దిద్దిన 48 చిత్తులోనే ఉండిపోయింది. గడి వదలకుండా ‘సేవ్’ నొక్కాడు కనుక ప్రోగ్రాం చిట్టా తీసి చూసింది. అందులో పాత 40 ఉంది. దాన్నే ఆవర్జాలో పదిలంగా భద్రపరిచింది. ‘సేవ్ అయింది’ అని కూడా చెప్పింది. అది చెప్పింది అబద్ధమూ కాదు!

అసలు ఇలా ఎందుకు పెట్టారు?

ఇంత గండం ఉన్నప్పుడు, అక్షరం కొట్టగానే నేరుగా పద్దులోకి వెళ్లేలా చేయవచ్చు కదా అనిపిస్తుంది. దానికీ ఒక కారణం ఉంది.

48 అని కొట్టాలంటే ముందు 4 కొట్టాలి. ఆ అరక్షణం గడిలో ఉన్నది 4 మాత్రమే. దాన్నే పద్దులోకి ఎక్కిస్తే రైతు తెచ్చింది నాలుగు బస్తాలే అవుతుంది. పుట్టినతేదీ కొడుతుంటే సగం కొట్టిన తేదీకి అర్థమే లేదు. మాట పూర్తికాకుండానే రాసుకోవడం మొదలుపెట్టే గుమస్తాను ఎవరు మెచ్చుకుంటారు? అందుకే, మనిషి ‘అయిపోయింది’ అనేదాకా కంప్యూటర్ ఆగుతుంది. ఆ ‘అయిపోయింది’ అనే మాటే ఎంటర్ కొట్టడం, ట్యాబ్ నొక్కడం, లేదా ఇంకో గడిలోకి వెళ్లడం. ఈలోగా మనసు మారితే ఎస్కేప్ నొక్కితే చాలు, పాత అంకె తిరిగొస్తుంది.

ఇది నిన్న మొన్నటి పద్ధతి కాదు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ ‘విజీక్యాల్క్’ అనే గడుల ప్రోగ్రాంను ఆపిల్ కంప్యూటర్ మీదకు తెచ్చారు. నేటి ఎక్సెల్‌కు అది పెద్దన్న లాంటిది. ఎక్సెల్‌లో ఒక గడిలో ఏదైనా కొడుతున్నప్పుడు పైనున్న పట్టీలో ఒక టిక్కు, ఒక అడ్డగుర్తు మెరుస్తాయి. ‘ఉంచమంటారా, తీసేయమంటారా?’ అని అది మనల్ని అడుగుతున్నట్టే.

2005 చివర్లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ రెండో వెర్షన్‌తో పాటు ‘డేటాగ్రిడ్‌వ్యూ’ అనే గ్రిడ్‌ను ఇచ్చింది. విండోస్ మీద నడిచే ఆఫీసు ప్రోగ్రాములు రాసేవారికి అది బాగా అలవాటైన సరుకు. అందులో ఒక మంచి ఏర్పాటుంది. మార్పు ఇంకా పద్దుకెక్కని వరుసకు ఎడమ చివర చిన్న పెన్సిల్ బొమ్మ కనిపిస్తుంది. ‘అయ్యా, సిరా ఇంకా ఆరలేదు’ అని హెచ్చరించడమే దాని పని. కానీ ఆ పెన్సిల్ వంక చూసేవారెందరు? కొన్ని ప్రోగ్రాముల్లో అందం కోసం ఆ ఎడమ అంచునే తీసేస్తారు!

పోయేది చివరిదే

ఈ గండానికి ఒక విచిత్రమైన స్వభావం ఉంది. వంద గడులు నింపితే తొంభై తొమ్మిది భద్రంగా చేరతాయి. పోయేది చివరిదే. ఎందుకంటే ఒక గడి నింపి తర్వాతి దానిలోకి వెళ్లగానే ముందుది దానంతట అదే చిట్టాకెక్కుతుంది. చివరి గడి తర్వాత వెళ్లడానికి ఇంకో గడి లేదు. అక్కడి నుంచి నేరుగా ‘సేవ్’ మీదకు పోతాం.

అందువల్ల తప్పు దొరకడమూ కష్టమే. పరీక్షించేవారు పై నుంచి పది వరుసలు చూసి ‘బ్రహ్మాండంగా ఉంది’ అంటారు. ఫిర్యాదు వచ్చేది ఎప్పుడో ఒకసారి, అదీ వేరు వేరు మనుషుల నుంచి. మార్కుల పట్టీ అయితే చివరి నెంబరు విద్యార్థికే సున్నా. జీతాల పట్టీ అయితే చివరి పేరు వారికే ఓటీ రాదు. ‘మీరే సరిగ్గా కొట్టి ఉండరు’ అని కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి మీద పడతారు. తాను కొట్టినట్టు ఆమెకు గట్టిగా గుర్తు. రుజువు మాత్రం లేదు. ఉద్యోగం చిన్నదైనా మాట పడటం చిన్న విషయం కాదు కదా!

ఇంకో తిరకాసు ‘సేవ్’ బొత్తాంలోనే ఉంది. కిటికీ మధ్యలో ఉండే మామూలు బొత్తాం నొక్కితే కంప్యూటర్ దృష్టి గ్రిడ్ నుంచి ఆ బొత్తాం మీదకు మళ్లుతుంది. దృష్టి మళ్లింది కనుక గడి దానంతట అదే ముగుస్తుంది. కానీ కిటికీ పై అంచున బొమ్మలతో వరుసగా ఉండే పనిముట్ల పట్టీ ఉంటుంది కదా, దాని మీది బొత్తాలు నొక్కినా దృష్టి గడిలోనే ఉండిపోతుంది. కంట్రోల్, ఎస్ కలిపి కొట్టినా అంతే. చూడటానికి రెండూ ‘సేవ్’లే. ఒకటి గడిని ముగిస్తుంది, రెండోది ముగించదు. పాపం, వాడేవారికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

టిక్కు పెట్టినా లెక్కలోకి రాదు

అంకెల సంగతి సరే. మరి టిక్కు పెట్టే గడి మాటేమిటి? అక్కడ సగం టిక్కు అంటూ ఏమీ ఉండదు. పెడితే పెట్టినట్టు, తీస్తే తీసినట్టు. అయినా డేటాగ్రిడ్‌వ్యూలో మామూలుగా వదిలేస్తే టిక్కు కూడా ఆ గడి దాటేదాకా పద్దుకెక్కదు. బాపట్ల చదువుల ఊరు. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల నుంచి 1981 నాటి ఇంజినీరింగ్ కళాశాల దాకా ఎన్నో ఉన్నాయక్కడ. అలాంటి ఊళ్లో ఏదో ఒక కళాశాల హాజరు పట్టీ ఊహించుకోండి. చివరి విద్యార్థికి ‘వచ్చాడు’ అని టిక్కు పెట్టి అలాగే మూసేస్తే, కంటికి కనిపించిన టిక్కు పద్దులో ఉండదు. హాజరు శాతం ఒక్క రోజుతో తప్పిన కుర్రాడికి ఆ టిక్కు విలువ ఎంతో!

జాబితాలోంచి ఎంచుకునే గడిదీ ఇదే కథ. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. బాపట్ల జిల్లా అయింది. రేపల్లె ఆ జిల్లాలోకి వెళ్లింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. అంటే, ఖాతాదారుల చిరునామాలు దాచుకున్న ఏ ప్రోగ్రాంలోనైనా రేపల్లె వాళ్ల జిల్లా గడిలో ‘గుంటూరు’ తీసి ‘బాపట్ల’ ఎంచుకోవాలి. జాబితాలో ‘బాపట్ల’ మీద నొక్కాం, గడిలో ‘బాపట్ల’ అని కనిపించింది. కానీ గడి దాటకుండా సేవ్ చేస్తే లోపల ‘గుంటూరు’ అలాగే ఉంటుంది. తర్వాత ఏదైనా నోటీసు పాత జిల్లా పేరుతో వస్తే ‘ఎన్నిసార్లు మార్చమని చెప్పాలి?’ అని ఖాతాదారు విసుక్కుంటాడు. ‘మార్చామండీ’ అని వీళ్లంటారు. ఇద్దరి మాటా నిజమే!

తెనాలిలో బండి మారాలి

ఈ చిక్కు తీర్చాల్సింది ముందుగా ప్రోగ్రాం రాసేవారు. వాడేవారి జాగ్రత్త తర్వాతి మాట.

రేపల్లె నుంచి బాపట్లకు రైల్లో వెళ్లాలంటే దారి తెనాలి మీదుగానే. 1916 నాటి గుంటూరు - రేపల్లె లైను తెనాలి జంక్షన్‌లో చెన్నై వైపు వెళ్లే పెద్ద లైనును కలుస్తుంది. అక్కడ దిగి బాపట్ల వైపు వెళ్లే బండి ఎక్కాలి. రేపల్లెలో టికెట్టు కొని సీట్లో కూర్చున్నంత మాత్రాన బాపట్ల చేరినట్టు కాదు. గడిలో కొట్టిన అంకెదీ ఇదే ప్రయాణం. గడి రేపల్లె, జ్ఞాపకంలోని వరుస తెనాలి, డేటాబేస్ బాపట్ల. ఏ మజిలీలో మరిచిపోయినా ప్రయాణికుడు అక్కడే ఉండిపోతాడు.

మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియోలో డేటాబేస్ పట్టికను లాగి ఫారం మీద వదిలితే, సేవ్ బొత్తాం వెనక అది మూడు వాక్యాలు తనంతట తానే రాసిపెడుతుంది. మొదటిది ‘వ్యాలిడేట్’. చేతిలో ఉన్న గడిని సరిచూసి ముగించమని దాని అర్థం. రెండోది ‘ఎండ్‌ఎడిట్’. ఆ వరుసను ఖాయం చేయమని. మూడోది ‘అప్‌డేట్’. డేటాబేస్‌కు పంపమని. మూడు మజిలీలకు మూడు వాక్యాలు, అదే వరుసలో! సొంతంగా సేవ్ బొత్తాం పెట్టుకునేవారు మూడోది ఒక్కటే రాసి, మొదటి రెండూ మరిచిపోవడంతోనే చాలా గొడవలు వస్తాయి.

టిక్కులకు, జాబితా గడులకు ఇంకా చురుకైన వైద్యం ఉంది. గడిలో మార్పు జరిగి ఇంకా పద్దుకెక్కకపోతే ప్రోగ్రామర్లు దాన్ని ‘డర్టీ’ అంటారు. అంటే మైలపడ్డ గడి. గడి మైలపడగానే ‘కరెంట్‌సెల్‌డర్టీస్టేట్‌ఛేంజ్డ్’ అనే కబురు వస్తుంది. పేరు పొడుగే కానీ పని చిన్నది. ఆ కబురు అందగానే, గడి నిజంగా మైలగా ఉందో లేదో చూసి ‘కమిట్‌ఎడిట్’ అని పిలిస్తే టిక్కు ఆ క్షణమే వరుసలోకి చేరుతుంది. మనిషి గడి దాటే వరకు ఆగక్కరలేదు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ‘కమిట్‌ఎడిట్’ గడిని వరుస దాకానే చేరుస్తుంది. వరుసను ఖాయం చేయడం, డేటాబేస్‌కు పంపడం ఇంకా మిగిలే ఉంటాయి. తెనాలి స్టేషన్‌లో దిగి బాపట్ల వచ్చేశాం అనుకుంటే ఎలా? పైగా గడిలో ఉన్నది చెల్లని అంకె అయితే ‘కమిట్‌ఎడిట్’ కుదరలేదని తిరుగు జవాబు ఇస్తుంది. ఆ జవాబు వినకుండా ‘సేవ్ అయింది’ అని తెర మీద చూపించే ప్రోగ్రాం మహా ప్రమాదకరం. చేరనిదాన్ని చేరిందని చెప్పడం కంటే, ‘ఈ గడి చూడండి, అంకె సరిగా లేదు’ అని మొహం మీద చెప్పడమే మేలు.

డాట్‌నెట్‌లోనే కొత్త పద్ధతి అయిన డబ్ల్యూపీఎఫ్‌లోనూ ఇదే సంగతి. 2010 నుంచి అందులోనూ సొంత గ్రిడ్ ఉంది. అక్కడ అక్షరాలు కొట్టే పెట్టెలు మామూలుగా దృష్టి మళ్లినప్పుడే లోపలికి కబురు పంపుతాయి. కావాలంటే ప్రతి అక్షరానికీ పంపేలా మార్చుకోవచ్చు.

మరీ తొందరా మంచిది కాదు

మరి అన్ని గడులకూ అదే పెడితే సరిపోతుందా? పోదు. టిక్కుకు, జాబితాకు వెంటనే ఖాయం చేయడం మంచిదే. అక్కడ ఒక్క నొక్కుతోనే మనిషి తన మాట పూర్తిచేస్తాడు. అంకెల గడిలో ప్రతి మీటకూ ఖాయం చేస్తే 48 కొట్టేలోపు మొత్తం ఒకసారి నాలుగు బస్తాలకు పడిపోయి మళ్లీ లేస్తుంది. ‘పది కంటే తక్కువ ఉండకూడదు’ అన్న నిబంధన ఉంటే, మొదటి అంకె కొట్టగానే తప్పు తప్పు అని గోల చేస్తుంది. రెండున్నర అని కొట్టబోతూ రెండు పక్కన చుక్క పెట్టగానే, చుక్కకు అర్థం లేదని కొన్నిసార్లు దాన్ని మింగేస్తుంది కూడా.

కాబట్టి మధ్యేమార్గమే మేలు. టిక్కులు, జాబితాలు తక్షణం. అంకెలు, పేర్లు గడి దాటినప్పుడు. సేవ్, ప్రింట్, కిటికీ మూయడం... ఈ మూడింటికీ ముందు మాత్రం, చేతిలో ఏ గడి ఉన్నా దాన్ని ముగించి తీరాలి. ఈ చివరి నియమం ఒక్కటి పాటించినా సగం గొడవలు తగ్గుతాయి.

డెల్టాలో ఇంకో భయం కరెంటు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అదీ సరిగ్గా కోతల కాలంలో. అలాంటి రోజుల్లో ధాన్యం ముందుగా ఒడ్డుకు చేర్చాలని రైతుకు, కరెంటు పోయేలోగా లెక్క ముగించాలని గుమస్తాకు ఒకటే ఆదుర్దా. జ్ఞాపకంలో ఉన్న వరుసలు కరెంటుతో పాటే పోతాయి. వంద వరుసలు నింపాక ఒక్కసారి సేవ్ చేసే ప్రోగ్రాం కంటే, వరుస పూర్తికాగానే డేటాబేస్‌కు పంపే ప్రోగ్రాం ఇలాంటి చోట నయం. కరెంటు పోతే పోయేది ఒక్క వరుసే.

ముందు కూర్చున్నవారికి నాలుగు మాటలు

ప్రోగ్రాం ఎవరు రాశారో, ఎలా రాశారో వాడేవారికి తెలియదు. కనుక కొన్ని అలవాట్లు చేసుకుంటే నష్టం లేదు.

చివరి గడి నింపాక నేరుగా సేవ్ మీదకు వెళ్లకండి. ఒకసారి ఎంటర్ కొట్టండి, లేదా ఇంకో వరుసలోకి వెళ్లిరండి. ఎడమ పక్క పెన్సిల్ బొమ్మ ఉందేమో చూడండి. ఉంటే సిరా ఆరలేదన్నమాట. అంకె మార్చాక కింద మొత్తం మారిందో లేదో గమనించండి. మారకపోతే కంప్యూటర్ నెమ్మదిగా ఉందని సరిపెట్టుకోవద్దు. సేవ్ చేశాక ఒక్కసారి మూసి, మళ్లీ తెరిచి చివరి వరుస చూసుకోండి. అర నిమిషం పని.

కౌంటరుకు ఇవతల నిలబడేవారికీ ఒక మాట. తెర మీద అంకె చూసి తృప్తిపడకండి. చేతికొచ్చిన కాగితం అక్కడే చదవండి. ముఖ్యంగా చివరి వరుస, దిద్దించిన వరుస. తేడా ఉంటే గొడవకు దిగక్కరలేదు, ‘ఒకసారి ఎంటర్ కొట్టి మళ్లీ ప్రింట్ తీయండి’ అంటే చాలు. అవతలివారు చెడ్డవారు కాకపోవచ్చు, చివరి గడి అలాంటిది!

మన పెద్దలు ప్రోనోటు రాస్తే అంకెల్లో వేసి, పక్కనే అక్షరాలా ఇంత అని రాసి, సంతకం చేయించి, సాక్షి చేత కూడా చేయించి గానీ లేచేవారు కాదు. రాయడం ఒక పని, రాసింది నిలబెట్టడం ఇంకో పని అని వారికి తెలుసు. కాగితం పోయి కంప్యూటర్ వచ్చినా ఆ రెండో పని మాత్రం పోలేదు. ఎంటర్ మీటలో దాక్కుంది, అంతే!